ఉన్నవాళ్ళకి ప్లాస్టిక్కు, పోయేవాళ్ళకి టేకు

మనిషిని మెచ్చుకోవడం కూడా ఒక వ్యాపారమేనని చాలామందికి తెలియదు. మేస్త్రికి తెలుసు, ఆయన తినే అన్నం దాని మీదదే కాబట్టి. ఊళ్ళో ఏ కంపెనీ ఎవరిని ఉత్తమ ఉద్యోగి అన్నా, ఏ బడిలో ఎవరు పరుగుపందెం గెలిచినా, ఏ బ్యాంకు మేనేజరు రిటైరైనా, ఆ మెచ్చుకోలు ముందు ఆయన బల్ల మీదికి రావలసిందే. షీల్డులూ కప్పులూ తయారుచేసే షాపులో ఇత్తడి రేకుల మీద అక్షరాలు చెక్కే పని ఆయనది. ముందు గదిలో అద్దాల బీరువాలూ, వాటిలో తళతళలాడే సరుకూ ఉంటాయి. వెనక గదిలో చెక్కపొట్టు, ఇత్తడి రజను, పాలిష్ వాసన, కిటికీ పక్కన మేస్త్రి బల్ల. ఇరవై ఏళ్ళకు పైగా ఆ కిటికీ వెలుతురులో ఆయన చెక్కని పొగడ్త లేదు. 'అంకితభావం' అన్న మాటనైతే నిద్రలో లేపి చెక్కమన్నా వంకర లేకుండా చెక్కుతాడు.

అమ్మానాన్నా పెట్టిన పేరు ఆయనకూ ఒకటుంది. కాకపోతే వాడేవాళ్ళు లేక అది అటకెక్కింది. ఇంట్లో భార్య 'ఏవండీ' అంటుంది, షాపులో యజమాని దగ్గర్నించి గుమ్మం ఊడ్చే ఆవిడ దాకా 'మేస్త్రీ' అంటారు. ఊళ్ళో అందరి పేర్లూ ఇత్తడిలో చెక్కిన మనిషికి తన పేరు వినపడితే వెనక్కి తిరిగి చూసే అలవాటు కూడా పోయింది.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. పేరున్న రేకుని చెక్కకి మేకులతో కొట్టరు. రెండువైపులా అంటుకునే టేపుతో అంటిస్తారు. ఎందుకంటే పొగడ్త ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరూ చెప్పలేరు. నిజాయితీకి మారుపేరని ఒకాయనకి షీల్డు చేయిస్తారు, సభకి రెండ్రోజుల ముందు ఆయన స్టోరు సామాను సంచిలో పెట్టుకుని పోతూ గేటు దగ్గర దొరుకుతాడు. షీల్డు వెనక్కొస్తుంది. అప్పుడు మేస్త్రి సన్నటి చాకు మొన రేకు కింద దూర్చి ఒక్క తిప్పు తిప్పుతాడు. మాటలు ఊడివస్తాయి, చెక్క మిగులుతుంది. ఇంకొకరి మాటలు దాని మీద అంటిస్తారు.

ఇలా వెనక్కొచ్చి కొనేవాడు లేక మిగిలిపోయిన సరుకంతా ఏటా వార్షికోత్సవం రోజున పనివాళ్ళకి పంచుతారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. చెక్కవి మళ్ళీ అమ్ముడుపోతాయి కాబట్టి మిగిలేదంతా ప్లాస్టిక్కు, పైన బంగారు రంగు. ఒక ఏడు మేస్త్రికి 'అంకితభావానికి' అని ఇచ్చిన షీల్డు మీద నీళ్ళలోకి దూకుతున్న మనిషి బొమ్మ ఉంది. ఆయన జన్మలో మోకాలి లోతు దాటి నీళ్ళలో దిగలేదు. మరో ఏడు ఫుట్‌బాల్ తన్నుతున్న బొమ్మ, ఆ తరవాత చదరంగం గుర్రం, ఆ తరవాత మైకు పట్టుకున్న గాయని. వాటి మీద రేకులు చెక్కింది కూడా ఆయనే. ఎవరూ లేనప్పుడు తన గురించి తానే చెక్కుకుని, సభలో ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి అందుకునేవాడు.

మరి టేకు ఎవరికి? పోయేవాళ్ళకి. ఉద్యోగం మానేసి వెళ్ళేవాడికి మాత్రం అసలైన టేకు చెక్క మీద అసలైన ఇత్తడి రేకుతో, రెండు చేతుల్తో పట్టుకోవలసినంత బరువైన షీల్డు ఇచ్చి పంపడం యజమాని రివాజు. ఉన్నవాడు ఎలాగూ ఉన్నాడు, వాడికి టేకు దండగ. పోయేవాడు పోయినచోట పదిమందికీ చూపిస్తాడు, షాపు పేరు నిలబడుతుంది. ఇదీ ఆయన లెక్క. ఉన్నవాళ్ళకి ప్లాస్టిక్కు, పోయేవాళ్ళకి టేకు.

యజమాని చెడ్డవాడు కాడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే మేస్త్రి ఏనాడో నాలుగు మాటలని బయటపడేవాడు. ఈయన భుజం మీద చెయ్యి వేస్తాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, ఇంట్లో ఆవిడ ఎలా ఉందని అడుగుతాడు. జీతం అన్న మాట ఒక్కటే ఆయన చెవికి ఎక్కదు. మిగతావన్నీ ఎక్కుతాయి.

ఇంట్లో ఆవిడ ఎలా ఉందంటే, మూడో అంతస్తులో ఉంది.

ఆ భవనానికి లిఫ్టు లేదు. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పి చాలాకాలమైంది. దిగేటప్పుడు మెట్ల రెయిలింగు పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి దిగుతుంది. రెండో అంతస్తు మలుపులో పక్కవాళ్ళు ఆవిడ కోసమే ఒక బకెట్టు బోర్లించి ఉంచారు. దాని మీద కూర్చుని ఊపిరి పీల్చుకుని మళ్ళీ లేస్తుంది. ఒకప్పుడు సాయంత్రమయితే వీధి చివరిదాకా నడిచి, దారిలో కనపడ్డ ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా ఆగి, వాళ్ళ కబుర్లు వీళ్ళకీ వీళ్ళ కబుర్లు వాళ్ళకీ చేరవేసి, చీకటి పడ్డాక ఇంటికొచ్చే మనిషి. ఇప్పుడు బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట కిందికి వదిలి కూరగాయలు తెప్పించుకుంటోంది. కూరగాయలతో పాటు కబుర్లు మాత్రం ఆ బుట్టలో రావు కదా.

షీల్డులన్నీ ఆవిడ చేతిలో పడి తలా ఒక పనిలో కుదిరాయి. దూకేవాడి చేతులకి తాళంచెవులు వేలాడతాయి. ఫుట్‌బాల్ వాడు గాలికి తలుపు కొట్టుకోకుండా ఆపుతాడు. గుర్రం మంచం కోడు కింద ఉంది. గాయని నీళ్ళ డ్రమ్ము మూత మీద బరువుగా నిలబడి నోరు తెరుచుకుని చూస్తుంటుంది.

"ఇన్నిటికి ఇచ్చారు గానీ, మూడో అంతస్తులో కాపురం ఉంటున్నందుకు ఒక్కటీ ఇవ్వలేదేమండీ మీవాళ్ళు" అనేది ఆవిడ, నవ్వుతూనే.

అలాంటి రోజుల్లో కింది అంతస్తులో ఉండే టైలరు ఖాళీ చేస్తున్నాడని తెలిసింది. గుమ్మం దిగితే వాకిలి, వాకిలి దాటితే గేటు, గేటు తీస్తే వీధి. ఇంటి ఓనరమ్మ తనే పైకొచ్చి చెప్పింది. ఎక్కి వచ్చేసరికి ఆవిడకీ రొప్పు వచ్చింది.

"మేస్త్రి గారూ, మీ ఆవిడ అవస్థ చూస్తూనే ఉన్నాను. ముందు మీకే చెబుతున్నా. అద్దె మాత్రం ఎక్కువే, కింది వాటాకి గిరాకీ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. నెలాఖరుదాకా ఆగుతాను. ఆ తరవాత నన్ననుకోవద్దు."

ఓనరమ్మ మెట్లు దిగి వెళ్ళింది. భార్య మోకాలి మీద చెయ్యి వేసుకుని బాల్కనీ వైపు చూస్తోంది. ఆ చూపు మేస్త్రికి గుచ్చుకుంది.

"జీతం పెంచమని అడుగుతాను" అన్నాడు.

"ఆ మాట మీరు అంటూ ఉండటం నేను కొత్త పెళ్ళికూతురిగా ఉన్నప్పటి నించీ వింటున్నాను."

"ఈసారి నిజంగా అడుగుతాను."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆయనేమో మీకు అమ్మ కూడా కాదాయె."

మర్నాడు మేస్త్రి ముందు గదిలోకి వెళ్ళాడు. అక్కడ యజమాని పక్కన, ఈ మధ్యే వచ్చిన కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు. సంగతేమిటంటే, ఆ మధ్య షాపులో మనుషులు వరసగా మానేస్తున్నారు. వడ్రంగి పోయాడు, ప్యాకింగ్ చేసే ఆవిడ పోయింది, పాలిష్ చేసే ముసలాయన పోయాడు. ముగ్గురూ తలా ఒక టేకు షీల్డు పట్టుకుని వెళ్ళిపోయారు. ఎందుకు పోతున్నారో యజమానికి బోధపడక, కనుక్కోవడానికి ఒక సలహాదారుని పెట్టుకున్నాడు. ఆ సలహాదారుకిచ్చే ఫీజుతో అందరి జీతాలూ పెంచి ఉంటే ఎవరూ పోయేవాళ్ళు కాదని వెనక గదిలో అనుకున్నారు. వెనక గది మాట ముందు గదికి వినపడేలా ఆ షాపు కట్టలేదు.

సలహాదారు రాగానే గోడకి ఒక డబ్బా పెట్టించాడు. పక్కన మూడు రకాల బొమ్మల చీటీలు. నవ్వే మొహం, మామూలు మొహం, ఏడుపు మొహం. ఇంటికి వెళ్ళేముందు ఏదో ఒకటి డబ్బాలో వేసి వెళ్ళాలి. మొదట్లో ఒకరిద్దరు ఏడుపు మొహం వేశారు. ఏడుపు మొహం వేసినవాళ్ళని ఆయన గదిలో కూర్చోబెట్టి, మనసుని ఆనందంగా ఉంచుకోవడం ఎలాగో గంటసేపు చెప్పేవాడు. ఆ గంట పని వెనకబడి, ఇంటికి ఆలస్యమయ్యేది. దాంతో అందరూ నవ్వే మొహాలే వెయ్యడం మొదలుపెట్టారు. వెనక గదిలో ఆయనకి చిరునవ్వుల సారు అని పేరు స్థిరపడింది.

"సార్, ఒక మాట" అన్నాడు మేస్త్రి యజమానితో, నీళ్ళు నములుతూ. "ఇల్లు మారాలనుకుంటున్నాను. కాస్త జీతం..."

యజమాని మొహం కరిగిపోయింది. లేచొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మేస్త్రీ, నువ్వు ఈ షాపులో పనివాడివా? ఇంటి మనిషివి. ఇంటి మనిషికెవరన్నా జీతం పెంచుతారా చెప్పు?"

చిరునవ్వుల సారు అందుకున్నాడు. "మనిషికి కావలసింది డబ్బు కాదండీ, గుర్తింపు. మిమ్మల్ని ఎవరూ సరిగ్గా గుర్తించలేదు. ఆ లోటు తీర్చేద్దాం."

తీర్చేశారు. వారం తిరక్కుండా మేస్త్రిని 'ఈ నెల తార' అన్నారు. ఫొటో తీసి అద్దం కట్టి గోడకి తగిలించారు. ముందు గది గోడలు కస్టమర్ల కోసమని, చేతులు కడుక్కునే తొట్టి పైన మేకు కొట్టారు. తారకి ఇంకో మర్యాద కూడా ఉంది. చక్రాలున్న ఎర్ర మెత్త కుర్చీ. నెల పొడుగునా ఆ కుర్చీ తారదే. చిక్కేమిటంటే మేస్త్రి బల్ల నిలబడి పనిచేసేందుకు కట్టిన ఎత్తు బల్ల. కుర్చీలో కూర్చుంటే ఆయన గడ్డం బల్ల అంచుకి వస్తుంది. అందుకని కుర్చీని పక్కన పెట్టుకుని, నిలబడే పనిచేశాడు. తారగా ఉన్నన్నాళ్ళూ దానిలో ఆయన అన్నం డబ్బా కూర్చుంది.

ఇదంతా ఇంట్లో చెబితే ఆవిడ ముక్కున వేలేసుకుంది. "మునగచెట్టు ఎక్కించారన్నమాట. అక్కణ్ణించి దిగడానికి రెయిలింగు కూడా ఉండదు, జాగ్రత్త."

మేస్త్రికి నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే ఫొటో తగిలించినప్పుడు ఆయన కొంచెం ఉబ్బిపోయాడు. చేతులు కడుక్కునే నెపంతో రెండు మూడుసార్లు వెళ్ళి చూసుకున్నాడు కూడా. భార్య మాటతో ఆ సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

ముసలాయన స్థానంలో పాలిష్ పనికి ఒకమ్మాయి చేరింది. చురుకైన పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి, మేస్త్రిని మొదటి రోజే బాబాయిని చేసేసుకుంది. ఇత్తడి మీద గుడ్డ ఏ వైపు తిప్పితే మెరుస్తుందో, ఏ వైపు తిప్పితే గీతలు పడతాయో మేస్త్రే నేర్పాడు. ఒకరోజు అన్నాల దగ్గర ఆ అమ్మాయి మాటల్లో మాటగా తన జీతం చెప్పింది. మేస్త్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అది ఆయన జీతం కన్నా ఎక్కువ. ఎంత ఎక్కువంటే, కింది వాటా అద్దె అందులోంచి హాయిగా వచ్చేటంత.

"ఏం బాబాయ్ గారూ, తప్పుగా ఏమన్నా అన్నానా?"

"లేదమ్మా. నీకంత ఎలా ఇచ్చారు?"

"అడిగాను. బయట ఇంతిస్తున్నారు, ఇస్తే చేరతా, లేకపోతే లేదన్నాను. ఇచ్చారు. మీకు ఇంకా చాలా ఎక్కువుంటుందిగా?"

మేస్త్రి తలూపాడు. అబద్ధం ఆడటానికి నోరు రాలేదు, నిజం చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆ అమ్మాయి మీద ఆయనకి కోపం లేదు. ఉన్న కోపమంతా తన మీదే. ఇన్నేళ్ళూ ఇంటి మనిషినన్న మాటని పరమాన్నంలా మింగుతూ కూర్చున్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పెరట్లో చెట్టుకి నీళ్ళు కూడా ఎవరూ పోయరని ఆ పూట తెలిసింది.

చెయ్యి కడుక్కుని, తన ఫొటో వంక చూడకుండా, నేరుగా యజమాని దగ్గరికి వెళ్ళాడు. ఈసారి నీళ్ళు నమలలేదు. కొత్తవాళ్ళకి తనకన్నా ఎక్కువ ఇస్తున్నారు, తనకీ అంతే కావాలి అన్నాడు. యజమాని సలహాదారు వైపు చూశాడు.

"కొత్తవాళ్ళకి బజారు ధర ఇవ్వకపోతే రారు. అది తప్పదు. పాతవాళ్ళకి పెంచితే అందరికీ పెంచాలి. అది కుదరదు. పైగా మీ డబ్బాలో అన్నీ నవ్వే మొహాలే ఉన్నాయి. తృప్తిగా ఉన్న మనిషికి జీతం పెంచితే ఆ తృప్తి పాడవుతుంది" అన్నాడు చిరునవ్వుల సారు.

ఊరి అవతలి కొసన ఇంకో షీల్డుల షాపుంది. వాళ్ళు రెండేళ్ళుగా రమ్మంటున్నారు. రెండు బస్సులు మారాలి. పొద్దున్నే పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరతాడు, అప్పటిదాకా ఆవిడ ఒక్కతే ఉండాలి. ఆ ఆలోచనతోనే ఇన్నాళ్ళూ పోలేదు. కానీ నెలాఖరు తరుముకొస్తోంది. కింది వాటా చూసుకోవడానికి అప్పటికే ఎవరో వచ్చి వెళ్ళారట. ఆ వారాంతంలో మేస్త్రి మానేస్తున్నానని చెప్పేశాడు.

అప్పుడు చూడాలి యజమాని దుఃఖం. బల్ల మీద తల ఆనించి ఏడ్చాడు. "ఎడం చెయ్యి పోయినట్టుందయ్యా" అన్నాడు. ఒక్క నిమిషం ఆగి, "కుడి చెయ్యి" అని సరిదిద్దుకున్నాడు. ఏడుపంతా నిజమే. అంత ఏడ్చినా జీతం పెంచుతానన్న మాట మాత్రం ఆ కన్నీళ్ళలో ఎక్కడా కొట్టుకురాలేదు. వెళతానన్నవాణ్ణి పెంచి ఆపితే రేపు అందరూ వెళతామంటారని సలహాదారు ముందే చెవిలో వేశాడు.

ఆఖరి రోజున మేస్త్రికి రెండు పనులు పడ్డాయి. ఒకటి, తన వీడ్కోలు షీల్డు రేకు తనే చెక్కుకోవడం. చెక్కడానికి ఇంకో చెయ్యి ఉంటే కదా. యజమాని పక్కన నిలబడి, ముక్కు తుడుచుకుంటూ ఒక్కో మాటా చెబుతుంటే మేస్త్రి చెక్కాడు. 'ఈయన చెయ్యి లేనిదే ఈ షాపు లేదు. ముగ్గురి పని ఒక్కడే చేసిన మనిషి. ఇలాంటివాడు మళ్ళీ దొరకడు.' కింద యజమాని సంతకం కూడా, గీతతో సహా, దించాడు. ఇరవై ఏళ్ళుగా ఏ మాట వినాలని ఎదురుచూశాడో ఆ మాట, మానేశాక, తన చేత్తోనే, తన ఉలితోనే పడింది. ముగ్గురి పని అని ఈయనకి తెలుసన్నమాట. ఎప్పట్నించి తెలుసో అడుగుదామనుకుని ఊరుకున్నాడు మేస్త్రి.

రెండో పని, గేటుకి తగిలించే బోర్డు. 'అక్షరాలు చెక్కే మనిషి కావలెను' అని. దానికీ ఇంకో చెయ్యి లేదు మరి. చిరునవ్వుల సారు రాసిచ్చిన చీటీ చూస్తూ చెక్కుకుంటూ పోయాడు. ఆఖరి వరసకొచ్చేసరికి ఉలి ఆగిపోయింది. అక్కడ కొత్త మనిషికిచ్చే జీతం ఉంది. ఆయన ఏ జీతం అడిగి, ఇంటి మనిషివి అనిపించుకుని, ఎర్ర కుర్చీ తెచ్చుకున్నాడో, దాని కన్నా ఇంకో మెట్టు పైనే ఉంది. అది కూడా వంకర లేకుండా చెక్కి, బోర్డు తుడిచి ఇచ్చాడు.

సాయంత్రం వీడ్కోలు సభ జరిగింది. పాలిష్ అమ్మాయి మెరిసేలా తుడిచిన రేకుతో టేకు షీల్డు ఇచ్చారు. ఆ బరువు మోసుకుంటూ మేస్త్రి మెట్లెక్కుతూ, రెండో అంతస్తు మలుపులో బకెట్టు మీద కూర్చున్నాడు. భార్య కోసం పెట్టిన బకెట్టు మీద ఆయన కూర్చోవడం అదే మొదలు. కూర్చుంటే తెలిసింది అక్కణ్ణించి పైకి ఇంకెంత ఉందో.

ఇంట్లో జరిగిందంతా చెప్పాడు. ఆవిడ షీల్డు మీది మాటలు చదివింది. తరవాత బోర్డు సంగతి రెండుసార్లు అడిగి చెప్పించుకుంది.

"అయితే వాళ్ళకి అక్షరాలు చెక్కే మనిషి కావాలి."

"ఆ."

"ఆ జీతం ఇస్తారు."

"కొత్తవాళ్ళకి."

"మీరు ఇవాళ సాయంత్రం మానేశారా లేదా?"

"మానేశాను."

"ఇక మీకన్నా కొత్తవాడు ఊళ్ళో ఎవడున్నాడండీ? రెండు బస్సులెక్కి ఊరవతలికి ఎందుకు, రేపు పొద్దున ఆ గేటు దగ్గరికే పొండి. వెళ్ళేటప్పుడు ఆ షీల్డు పట్టుకెళ్ళండి."

మేస్త్రి ఆవిడ వంక గుడ్లప్పగించి చూశాడు. ఆవిడ ఏమీ జరగనట్టు అన్నం వడ్డించింది.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర తను చెక్కిన బోర్డు కింద మేస్త్రి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో టేకు షీల్డు. ఉద్యోగం కోసం వచ్చానని చెబితే గుమ్మం ఊడ్చే ఆవిడ నవ్వాపుకోలేక చీపురు వదిలేసింది. లోపల యజమాని, చిరునవ్వుల సారు ఇద్దరూ ఉన్నారు. బల్ల మీద ఆర్డర్లు పేరుకుని ఉన్నాయి. బడుల్లో ఆటల పోటీల కాలం అది. ఆ ఉదయమే మూడు బడులవాళ్ళు ఫోన్లు చేసి తమ కప్పులేవని అరిచారు.

"ఏంటి మేస్త్రీ, ఏమన్నా మర్చిపోయావా?" అన్నాడు యజమాని.

"లేదు సార్. బోర్డు చూసి వచ్చాను."

యజమాని ఇదేదో వేళాకోళం అనుకుని నవ్వబోయాడు. చిరునవ్వుల సారుకి మాత్రం పద్ధతంటే పద్ధతే. కొత్తగా వచ్చినవాళ్ళని అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఆయన దగ్గరున్నాయి. ఎదురుగా ఉన్నది ఎవరైనా సరే ఆయన అడిగి తీరతాడు.

"అనుభవం ఉందా?"

"ఉంది సార్. ఇదిగోండి" అని షీల్డు బల్ల మీద పెట్టాడు మేస్త్రి.

సలహాదారు పైకి చదివాడు. "ఈయన చెయ్యి లేనిదే ఈ షాపు లేదు. ముగ్గురి పని ఒక్కడే చేసిన మనిషి." తలెత్తి మెచ్చుకోలుగా చూశాడు. "పాత యజమాని చాలా గొప్పగా చెప్పారే. మరెందుకు మానేశారు?"

"జీతం చాల్లేదు సార్."

"ఆయన ఎలాంటివారు?"

పక్క కుర్చీలో యజమాని పెన్ను మూత తీసి పెడుతున్నాడు, తీసి పెడుతున్నాడు.

"మంచివాడే సార్. అడిగినప్పుడల్లా భుజం మీద చెయ్యి వేసేవాడు."

వెనక గదిలో ఎవరికో పొలమారింది. యజమాని ముఖం కందగడ్డయింది. "ఇదేం పనయ్యా, నిన్న ఏడ్చి పంపించాను. ఇవాళ వచ్చి కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఇంకెవరన్నా వస్తారేమో చూడండి సార్. ఆగుతాను. కాకపోతే తమరే రాయించారు కదా, ఇలాంటివాడు మళ్ళీ దొరకడని."

అదే సమయానికి నాలుగో బడి నుంచి ఫోను మోగింది. యజమాని తియ్యకుండా దాని వంక చూస్తూ కూర్చున్నాడు. కక్కలేడు, మింగలేడు. ఇత్తడిలో తన సంతకంతో ఉన్న మాటని ఎలా కాదంటాడు? ఫోను ఆగి మళ్ళీ మోగాక, "చేరు" అన్నాడు.

అలా మేస్త్రి ఆ షాపులో కొత్తవాడయ్యాడు. చొక్కాలు తగిలించే కొక్కేల వరసలో ఆయన కొక్కెం ఆఖరికి పోయింది. తార ఫొటో దింపేశారు, కొత్తవాళ్ళు తారలు కావడానికి కొంత కాలం ఆగాలట. పాత సర్వీసంతా నీళ్ళలో కలిసింది. చిరునవ్వుల సారు ఆ నెలాఖరున గోడకి అంటించిన కాగితంలో, ఒకరు మానేసినా వెంటనే అంతకన్నా అనుభవమున్నవారు దొరికారనీ, ఇదంతా గుర్తింపు పథకం ఫలితమనీ రాసుకున్నాడు.

పోతే పోనీ. ఓనరమ్మ గడువు దాటకముందే మేస్త్రి కింది వాటాకి మాట ఇచ్చేశాడు. సామాను దించేటప్పుడు ఆవిడ ప్లాస్టిక్కు షీల్డులన్నీ పైనే వదిలెయ్యమంది. గుర్రాన్ని మాత్రం మంచంతో పాటు తెచ్చారు, కోడు ఊగుతుందని.

వారం గడిచాక యజమాని పిలిచాడు. "మేస్త్రీ, ఆ టేకు షీల్డు తెచ్చివ్వు. అది పోయేవాళ్ళకిచ్చేది. నువ్వు పోలేదు కదా. సరుకు లెక్కలో తేడా వస్తోంది."

మేస్త్రికి మండిపోయింది. కానీ మాట నిజమే, పోలేదు కాబట్టి. సరే ఇస్తానన్నాడు.

సాయంత్రం వెలుతురుండగానే ఇంటికొచ్చాడు. గేటు తియ్యబోతూ ఆగాడు. కింది వాటాకి గుమ్మం బాగా ఎత్తు. దిగితే వాకిలి ఒక్క అడుగే గానీ, ఆ ఒక్క అడుగూ ఆవిడ మోకాళ్ళకి ఎక్కువే. అందుకని గుమ్మం కింద టేకు షీల్డు బోర్లా పరుచుకుంది ఆవిడ. మేకు కొట్టినట్టు కదలకుండా ఉంది. మేస్త్రి చూస్తుండగా ఆవిడ తలుపు పట్టుకుని దాని మీద కాలు పెట్టి, వాకిట్లోకి దిగి, గేటు దాకా వచ్చింది. వెనక్కి తిరిగి వెళ్ళి, చెక్క మీద కాలు పెట్టి లోపలికి ఎక్కింది. మళ్ళీ బయటికి వచ్చింది.

"ఏమన్నా కావాలా?" అన్నాడు మేస్త్రి.

"ఏం లేదు. ఊరికే" అంది ఆవిడ. "వస్తున్నాను, వెళుతున్నాను. పొద్దుట్నించీ ఇదే పని." మళ్ళీ లోపలికి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఈసారి గేటు తీసుకుని వీధిలోకి నడిచింది. రెండిళ్ళ అవతల ఎవరో ఆవిణ్ణి చూసి, "ఎన్నాళ్ళయింది వదినా నిన్ను కింద చూసి" అంటూ ఎదురొచ్చారు.

మేస్త్రి గేటు దాటి వాకిట్లోకి వచ్చాడు. ఇన్ని సంవత్సరాలూ తను గుర్తింపు పుచ్చుకుంటూ ఉంటే, దానికి ధర ఈవిడ మోకాళ్ళు చెల్లించాయి. వంగి షీల్డుని తిరగేశాడు. జేబులోంచి సన్నటి చాకు తీసి, రేకు కింద దూర్చి ఒక్క తిప్పు తిప్పాడు. రేకు ఊడి చేతిలోకి వచ్చింది. చెక్కని మళ్ళీ బోర్లించి, కదలకుండా ఉందో లేదో తనే ఒకసారి ఎక్కి చూశాడు.

మర్నాడు షాపుకి వెళ్ళగానే యజమాని బల్ల మీద రేకు పెట్టాడు.

"మీ మాటలు ఇవిగోండి సార్. చెక్క వాడుకలో ఉంది" అన్నాడు.

యజమాని రేకు వంకా ఆయన వంకా మార్చి మార్చి చూశాడు. మేస్త్రి అప్పటికే వెనక గదిలోకి వెళ్ళి, ఆఖరి కొక్కేనికి చొక్కా తగిలించి, పనిలోకి దిగాడు.